నాలుగు గళ్ళలో బూడిదమ్మ

ఈ పొద్దున కుందేలును ఒళ్ళో కుదురుగా కూర్చోబెట్టుకుని ఫోటో తీయడానికి తంటాలు పడుతుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎవరో శాంతిపురం నుంచి మాట్లాడుతున్నానన్నాడు. "మేడమ్, కుందేళ్ళకు ఏ రంగు పిల్లలు పుడతాయో మీరు ముందే చెప్తారంట గదా? మా పాప దగ్గర ఒక నల్లది, ఒక తెల్లది ఉండాయి. జత కడితే ఏ రంగొస్తాది మేడమ్?" పెళ్ళి కుదుర్చుకోబోతూ జాతకాలు పట్టుకొచ్చినవాడిలా ఎంత వినయంగా అడిగాడో! ముప్పై ఏళ్ళు మదనపల్లె చుట్టుపక్కల బళ్ళలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, చివరికి కుందేళ్ళకు జోస్యం చెప్పేదాన్నయ్యాను. "తెల్లదాన్ని మాత్రం నమ్మద్దప్పా, దాని కింద ఏం దాగుందో దానికే తెలీదు" అని చెప్పి పెట్టేశాను. పాపం, ఆ మనిషికి ఏమర్థమైందో ఏమో. ఈ కీర్తి అంతా పుంగనూరులో ఉండే మా మరిది వేసిన చాటింపు వల్ల వచ్చింది. ఆయన చెప్పేది సగమే. వదిన రంగు చెప్పింది, చెప్పినట్టే పుట్టింది అంటాడు. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో, పుట్టాక ఏమైందో చెప్పడు. అది నేనే చెప్పుకోవాలి.

మరిది అంటే మా చెల్లెలి భర్త. పట్టు నూలుకు రంగులు వేయడం ఆయన పని. మదనపల్లె మగ్గాలకు వచ్చే నూలు చాలావరకు పుంగనూరులో ఆయన ఇంటి వెనక తొట్లలో మునిగి లేచినదే. ఆయన గోళ్ళ రంగు చూసి ఆ వారం మగ్గం మీద ఏ చీరలున్నాయో చెప్పేయొచ్చు. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా మా చెల్లెలు పావురాలూ కుందేళ్ళూ అమ్మే భాయ్ దగ్గర ఒక కుందేలు పిల్లను కొనిచ్చింది. పొయ్యిలో చల్లారిన బూడిద రంగు, ఎండలో చూస్తే కొంచెం నీలం తిరిగేది. దానికి బూడిదమ్మ అని పేరు పెట్టారు. "ఇంత ముద్దుగా ఉంటే ఆ పేరేమే?" అని నేను కసిరితే మా చెల్లెలు "దిష్టి తగలకుండా ఉండాలని అక్కా" అని నవ్వింది. దిష్టి కుందేలుకు తగల్లేదు. మరుసటి ఏడాదికే మా చెల్లెలు మంచం పట్టింది.

పదో తరగతి చదువు చెడకూడదని అప్పటికే ఆ పిల్లను మదనపల్లెలో నా దగ్గర పెట్టారు. రెండో పరీక్ష రోజు పొద్దున, బిడ్డ బడికి వెళ్ళిన గంటకు, పుంగనూరు నుంచి కబురొచ్చింది. వెళ్ళాను. నా చెల్లెలి ముఖానికి నేనే పసుపు రాశాను. అంతా అయ్యాక తలారా నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని, సాయంత్రానికి తిరిగొచ్చి ఆ పిల్లకు అన్నం పెట్టాను. "అమ్మ ఎట్లుండాది పెద్దమ్మా?" అని అడిగింది. "బాగుండాది, నిద్రపోతాండాది. నువ్వు పరీక్ష రాసుకో" అన్నాను. ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టిన ఘనకార్యం కాదు. పరీక్ష రాసే బిడ్డకు చావు కబురు చెప్పకపోవడం మా పక్క రివాజు. అందరూ చేసేదే మేమూ చేశాం. మిగిలిన పరీక్షలన్నీ రాసి, ఆఖరి రోజు పెన్నుకు మూత పెట్టి వచ్చాక చెప్పాం. ఏడవలేదు. "ఇంకెప్పుడూ నా దగ్గర ఏదీ దాయద్దు పెద్దమ్మా" అని చెయ్యి చాచింది. ఆ చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. తర్వాత పుంగనూరు వెళ్ళి బూడిదమ్మను తెచ్చుకుని నా ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్ళమ్మ చేతి వస్తువులు ఎన్నో ఉన్నా, ఊపిరి ఉన్నది అదొక్కటే.

ఇంటరు చదివేటప్పుడు భాయ్ దగ్గరి నల్ల మగ కుందేలును బూడిదమ్మకు జత కట్టించాం. అన్నీ నల్ల పిల్లలే పుట్టాయి. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "బూడిద రంగు ఎక్కడికీ పోలేదు తల్లీ, లోపల దాక్కుని ఉండాది. మనవళ్ళల్లో బయటికొస్తాది" అని చెప్పాను. పాఠం చెప్పే అవకాశం వస్తే వదిలే రకం కాదు నేను. వాటిలో ఒక మగదాన్నీ ఒక ఆడదాన్నీ మా మరిది పుంగనూరులో ఉంచుకున్నాడు, మిగతావి ఊళ్ళో పంచేశాం. తర్వాత ఆ పిల్ల నర్సింగు చదువుతానని పట్టుబట్టి కుప్పంలో హాస్టల్లో చేరింది. బూడిదమ్మ నా పాలబడింది. వెళ్తూ వెళ్తూ దాని చెవులు నిమిరి, "నీ మీద నమ్మకంతో వదిలిపెడతాండా పెద్దమ్మా" అంది.

మే నెలలో నేను కలకడలో గృహప్రవేశానికి వెళ్ళాను. మదనపల్లె చల్లని ఊరు, పక్కనే హార్స్లీ హిల్స్ కొండ, మా ఊరి గాలికి మంచు కూడా కరగదు అని గొప్పలు పోయే మనిషిని కదా, పంజరాన్ని వసారాలో రేకుల కింద పెట్టి వెళ్ళాను. మధ్యాహ్నానికి ఎండ అటు తిరుగుతుందని సైన్సు టీచరుకు తట్టలేదు. సాయంత్రం అక్కడ కట్టిచ్చిన తియ్యటి ఓళిగల పొట్లంతో గుమ్మంలో అడుగుపెట్టేసరికి నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉంది. బూడిదమ్మ మెడ చాచి పడి ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, అది ప్రాణం వెచ్చదనమో రేకుల వేడో తెలియలేదు. నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చాను. కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టి చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. "బూడిదమ్మ ఎట్లుండాది పెద్దమ్మా? నాకు వచ్చే వారం నుంచి పరీక్షలు." నా నోట్లోంచి ఊడిపడింది: "బాగుండాది, నిద్రపోతాండాది. నువ్వు పరీక్ష రాసుకో."

పరీక్షలయ్యాక చెప్దామనుకున్నాను. అప్పటికి అబద్ధానికి నెల వయసు వచ్చింది. చావు సంగతి చెప్పడం ఒక ఎత్తు, నెల రోజులు దాచానని చెప్పడం ఇంకో ఎత్తు. "చెప్పేయరాదా, కుందేలు గదా" అన్నాడు మా ఆయన. కుందేలా! అది కుందేలైతే నాకెందుకు అన్నం సహించదు? చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట పోయిందని తెలిస్తే, తల్లి లేని ఆ బిడ్డ ఇంక ఈ జన్మలో నా మాట నమ్మదు. నాకు ఆ ఒక్క భయం. ఆ పిల్ల ఫోటో అడిగిన ప్రతిసారీ ఫోన్లో ఉన్న పాతవి ఒక్కొక్కటే తీసి పంపేదాన్ని. జూన్ చివరికి ఏడు మిగిలాయి. వీడియో పెట్టమంటే కెమెరా చెడిపోయిందనేదాన్ని. ఒక్కరోజు సెలవు పెట్టి వస్తానంటే, "ఎండలో యాల వస్తావు, మేమే వస్తాంలే" అని రెండు వారాలకోసారి ఓళిగలూ చెనిక్కాయల పొడీ మూట కట్టుకుని బస్సెక్కేదాన్ని. పుంగనూరులో మా మరిది ఎక్కేవాడు. ఆయనకు అప్పటికే అంతా చెప్పేశాను. హాస్టల్ గేటు దగ్గర ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, "మా పెద్దమ్మ సూడండే, మదనపల్లె నుంచి నా కోసం వస్తాది" అని స్నేహితురాళ్ళకు చూపించేది. అప్పుడు భూమి చీలితే బాగుండుననిపించేది.

ఒక్కటే దారి కనిపించింది. దసరాకు ఆ పిల్ల వచ్చేసరికి అచ్చం అలాంటి బూడిద రంగు కుందేలు పంజరంలో ఉండాలి. మరిదిని కూర్చోబెట్టి కాగితం మీద నాలుగు గళ్ళు గీశాను. ఆయన దగ్గరున్న నల్లవాటిలో ఒక్కోదానికి రెండేసి గుణాలు. ఒకటి నలుపును నలుపుగా ఉంచేది, దానికి పెద్దక్షరం. ఇంకొకటి ఆ నలుపును పల్చన చేసి బూడిద రంగుగా మార్చేది, దానికి చిన్నక్షరం. పెద్దక్షరం ఒక్కటున్నా పిల్ల నల్లగానే పుడుతుంది, చిన్నక్షరాలు రెండూ కలిస్తేనే బూడిద. నాలుగు గళ్ళలో మూడు నలుపు, ఒకటి బూడిద. "నాలుగు పుడితే ఒకటి ఖాయం" అన్నాను. పరీక్షలో ఏ పిల్లాడైనా అలా రాస్తే సున్నా వేసేదాన్ని. అది ఒక్కో పిల్లకూ విడివిడిగా వర్తించే అవకాశమే గానీ నాలుగోది బూడిద అని రాసిచ్చిన పత్రం కాదని నాకు తెలుసు. తెలిసీ అన్నాను. మా మరిదికి పట్టింపు గళ్ళతో కాదు, వరసతో. "అన్నాచెల్లెళ్ళకా వదినా! ఛీ ఛీ! మేనరికమంటే సరే గానీ, ఇదేం పని!" అని చెవులు మూసుకున్నాడు. కుందేళ్ళకు వరసలుండవంటే, "మీకేం, సైన్సోళ్ళు" అన్నాడు. చివరికి తాను ఇంట్లో లేని పూట జత కట్టించే షరతు మీద ఒప్పుకున్నాడు.

కుందేలు నెల రోజులు మోస్తుంది. ఈనే ముందు తన పొట్ట బొచ్చు తానే పీక్కుని మెత్తగా పరుపు చేస్తుంది. నాలుగు పిల్లలు పుట్టాయి, పుట్టినప్పుడు ఒంటి మీద బొచ్చుండదు కాబట్టి ఏ రంగో గట్టిగా చెప్పలేం. నాలుగైదు రోజులు ఆగాలి. ఆ రోజులు నేను పుంగనూరులోనే ఉండి, గంటకోసారి బొచ్చు పక్కకు తీసి చూసేదాన్ని. ఒకటి కొంచెం తేటగా ఉన్నట్టనిపించి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తుడిచి, మళ్ళీ చూసి, ఎవరూ లేనప్పుడు దేవుడికి మొక్కుకున్నాను కూడా. ఐదో రోజుకు నాలుగూ నిగనిగలాడే నలుపు. మదనపల్లె తిరిగొచ్చి ముసుగు తన్ని పడుకున్నాను. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని తెలుసు గానీ, నాలుగుకూ ఒకటే రంగని తెలీదే" అని మా ఆయన వేళాకోళమాడాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రెండోసారి మా మరిది నా మాట వినలేదు. "నేను రంగులేసేవాణ్ణి వదినా. తెల్ల పట్టును నల్ల తొట్టిలో రవ్వంత ముంచి తీస్తే బూడిద రంగు గాక ఇంకేమొస్తాది? తెల్ల కుందేలు తెస్తా. పాపమూ తగల్దు, రంగూ వస్తాది" అన్నాడు. ఎర్రకళ్ళ తెల్ల మగ కుందేలును భాయ్ దగ్గర తెచ్చి నల్లదానితో వదిలాడు. చెప్పొద్దూ, ఆయన మాటలో సగం నిజముంది, బూడిద అంటే పల్చనైన నలుపే. కానీ తొట్టిలో పని చేసేది కడుపులో పని చేయదు. కుందేలు తెలుపు రంగు కాదు, అన్ని రంగుల మీదా పరిచిన దుప్పటి. కింద ఏముందో దుప్పటి లేస్తే గానీ తెలియదు. ఇదంతా తెలిసి కూడా నేనెందుకు ఊరుకున్నాను? నా గళ్ళు ఒకసారి ఓడిపోయాయి. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు ఆయన తొట్టిని పట్టుకున్నాను. ఆగస్టులో ఐదు పిల్లలు పుట్టాయి. ఐదుకు ఐదూ మట్టి రంగు, అచ్చం పొలాల్లో ఉరికే అడవి కుందేళ్ళు. భాయ్ వచ్చి చూసి తల కొట్టుకున్నాడు. "క్యా కర్తే టీచరమ్మా, ఆ తెల్లదాని అబ్బ యెవురో నాకే తెల్దు" అన్నాడు. మా మరిది తన నీలం గోళ్ళ వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పటికి నా ఫోన్లో రెండు ఫోటోలు మిగిలాయి.

మూడోది దింపుడు కళ్ళం ఆశే. ఆగస్టు చివర మళ్ళీ అన్నాచెల్లెళ్ళనే జత చేశాం. ఈసారి మా మరిది ఎక్కడికీ పోలేదు, గోడ వైపు తిరిగి దండం పెట్టుకుని నిలబడ్డాడు. మిగిలిన రెండు ఫోటోలూ ఆ నెలలో అయిపోయాయి. ఫోన్ కింద పడి పగిలిందని మా ఆయన ఫోన్ నుంచి మాట్లాడటం మొదలుపెట్టాను. మనిషి ఎంత దిగజారగలదో అప్పుడు తెలిసింది. నిద్రలో కూడా గళ్ళే. అన్నం కంచంలో నాలుగు ముద్దలు పెట్టుకుని మూడు తిని, నాలుగోదాని వైపు చూస్తూ కూర్చునేదాన్ని. సెప్టెంబరు చివర ఆరు పిల్లలు పుట్టాయి. నాలుగో రోజు పొద్దున మా మరిది ఫోన్ చేశాడు. వెక్కిళ్ళు వినిపించాయి. "వచ్చింది వదినా. ఒకటి. అచ్చం అదే. నా తొట్టిలో కూడా ఇంత బాగా రాలేదు." నేను వంటింట్లో గరిటె పట్టుకుని గెంతాను. ఈ వయసులో! మా చెల్లెలే తిరిగొచ్చినంత సంబరపడ్డాను. ఐదు నల్లవాటి మధ్య ఆ ఒక్క బూడిద పిల్లను చూడటానికి ఆ రోజే బస్సెక్కాను.

దసరా సెలవులకు వస్తున్నానని ఆ పిల్ల చెప్పిన ఆదివారం పొద్దునే, బూడిద పిల్లను తల్లితో సహా మదనపల్లె తెచ్చుకున్నాం. తల్లిని గదిలో దాచి, పిల్లను మాత్రం పాత పంజరంలో పెట్టాను. పెట్టి రెండడుగులు వెనక్కి వేసి చూశాను. అప్పుడు, అప్పుడు కనిపించింది. పంజరం అంత పెద్దది, కుందేలు పిడికెడు. మూడు వారాల పిల్ల. చనిపోయినదానికి నాలుగేళ్ళు, రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. జూన్‌లో గళ్ళు గీసినప్పుడు దసరాకు పెద్దదవుతుందని నేనే లెక్క వేశాను. మొదటి ఈతలోనే పుట్టి ఉంటే అయ్యేది. ఒక్కో ఈత తప్పుతున్న కొద్దీ రంగు, రంగు, రంగు అని కొట్టుకున్నాను గానీ నెలలు గడుస్తున్నాయని నాకూ తట్టలేదు, మా మరిదికీ తట్టలేదు. గేటు చప్పుడైంది.

బస్టాండు దగ్గర కొన్న కొత్తిమీర కట్టతో వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా పంజరం దగ్గరికే వెళ్ళింది. కూర్చుంది. కట్ట చేతిలోనే ఉండిపోయింది. "ఇది పిల్ల గదా పెద్దమ్మా. బూడిదమ్మ యాడ?" వాళ్ళ నాన్న గోడ వైపు తిరిగాడు. అప్పటికైనా ఒక్క ముక్కలో చెప్పాల్సింది. నేను, సిగ్గులేనిదాన్ని, "దాని మనవరాలే తల్లీ, రంగు చూడు, అచ్చం..." అన్నాను. ఆ పిల్ల నా మాట వినట్లేదు. ఎప్పుడు అని అడిగింది. మే నెలలో అన్నాను. ఆ ఫోటోలు అంది. పాతవి అన్నాను. "రెండు వారాలకోసారి నువ్వు ఓళిగలు తెచ్చిండేది..." అంది. నువ్వు ఇంటికి రాకుండా ఉండాలని అన్నాను. ఇంక దాచడానికి ఏం మిగిలిందని? మెల్లగా లేచి కొత్తిమీర కట్టను గట్టు మీద పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. "అమ్మప్పుడు కూడా పరీక్షలే గదా పెద్దమ్మా" అంది, అంతే. కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడింది. ఎక్కడ పాతిపెట్టామో నేను చెప్పలేదు, ఎట్లా తెలిసిందో. సాయంత్రం బస్సుకే కుప్పం వెళ్ళిపోయింది. బూడిద పిల్లను ముట్టుకోలేదు.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. ఆ పిల్ల నన్ను వదిలేయలేదు, ఫోన్ చేస్తుంది, మందులు వేసుకున్నానా అని అడుగుతుంది. కానీ "ఎట్లుండావు?" అన్నప్పుడు "బాగుండాను" అంటే నమ్మదు. ఆ దసరా అయిన వారానికి మెసేజ్ పెట్టింది: "దాని ఫోటో పంపు. పక్కన ఈ రోజు క్యాలెండర్ కాగితం పెట్టు." అప్పటి నుంచి మా ఇంట్లో అదే పూజ. పొద్దున్నే గోడ మీది క్యాలెండర్ తాజా కాగితం చింపి, తేదీ కనపడేలా కుందేలు ముందు పెట్టి ఫోటో తీస్తాను. నాకు కంటి ఆపరేషను అయినప్పుడు కట్టు కట్టిన కంటి పక్కన కూడా తేదీ కాగితం పట్టుకుని కూర్చోమంది. మా ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. నేను చెప్పే మాటకు ఇప్పుడు తేదీ సాక్ష్యం కావాలి, అంతవరకు తెచ్చుకున్నాను. ఈ బూడిద కుందేలు ఇప్పుడు నిండుగా పెరిగి రెండు చేతులకూ సరిపోతుంది. పక్కన నిలబెట్టి చూస్తే బూడిదమ్మే అంటారు ఎవరైనా. ఆ పిల్ల ఇంతవరకు దానికి పేరు పెట్టలేదు, నేను అడగలేదు.

శాంతిపురం మనిషి ఫోన్ పెట్టేశాక ఇవాళ్టి కాగితం చింపి ఫోటో పంపాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు. ఏ జంటకు ఏ రంగు పిల్లలు పుడతాయని ఎవరడిగినా గళ్ళు గీసి చెప్పేస్తాను. "ఇంక క్యాలెండర్ వద్దులే పెద్దమ్మా" అనే మాట ఏ తేదీన వస్తుందో మాత్రం ఏ గడిలోనూ రాసి లేదు. రోజుకో కాగితం చింపుతూ ఆ తేదీ కోసమే చూస్తున్నాను.